టీఎంసీ లెక్క వేరు, పార్టీ లెక్క వేరు

దేవరకొండ బస్టాండు ఎదురుగా ఒక హోటల్లో ఇద్దరు కూర్చొని ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం గురించి మాట్లాడుకుంటున్నారు. వరసకు బావ, బామ్మర్ది. ఇద్దరికీ భూములున్నాయి, ఇద్దరికీ బోర్లు ఎండినయి.

"ఏం బావా, మీ సర్కారు పదేండ్లున్నది గదా, సొరంగం ఎందుకు కాలే?"

"తొవ్వుడు మొదలువెట్టింది మీరే గదరా. మీ కాలంల ఎంత తొవ్విండ్రు?"

"కూలింది ఎవల పాలనల?" అని బావే మళ్లీ అన్నాడు.

"కూలేదాక పట్టించుకోనిది ఎవలు?"

చాయ్ చల్లారిపోయింది. అర్ధగంట సాగిన ఆ మాటల్లో సొరంగం ఇంకా ఎన్ని కిలోమీటర్లు తవ్వాల్సి ఉన్నదో ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఆ సొరంగం పూర్తయితే నీళ్లు పారాల్సింది వాళ్ల పొలాలకే.

రాజకీయాల్లో మనసు తెరిచి ఉంచుకోవాలని అందరూ అంటారు. దానికి చాలామంది చెప్పుకునే అర్థం నడిమధ్యన నిలబడి "ఇద్దరిదీ తప్పే" అనడం. నాకు అది సరిపోదు. నడిమధ్యన నిలబడే మనిషి కూడా ఏమీ తెలుసుకోకుండానే నిలబడొచ్చు. నా దృష్టిలో మనసు తెరిచి ఉండటమంటే ఒక్కటే. ఏ సంగతి తెలిస్తే నా అభిప్రాయం మార్చుకుంటానో నాకు ముందే తెలిసి ఉండాలి, ఆ సంగతిని నేనే పోయి వెతుక్కోవాలి. మన దక్షిణ తెలంగాణలో దీనికి ఒక సౌలభ్యం ఉన్నది. ఇక్కడి రాజకీయం నూటికి ఎనభై పాళ్లు నీళ్ల చుట్టే తిరుగుతుంది, నీళ్లకు కొలత ఉంటుంది.

సొరంగాన్ని ముక్కలు చేసి చూస్తే

ఎస్‌ఎల్‌బీసీ సొరంగం పొడవు 43.93 కిలోమీటర్లు. శ్రీశైలం జలాశయం ఒడ్డున దోమలపెంట దగ్గర ఒక మొన, అచ్చంపేట దిక్కున మన్నెవారిపల్లి దగ్గర ఇంకో మొన. ఇంత పొడవైన సొరంగాన్ని మామూలుగా రెండు మొనల నుంచే తవ్వరు. నడుమ నడుమ పక్కదారులు తవ్వి లోపలికి దిగి, నాలుగైదు చోట్ల ఒకేసారి పని నడిపిస్తారు. ఒకచోట రాయి మొండికేసినా మిగతాచోట్ల పని ఆగదు. ఇక్కడ ఆ వీలు లేదు, ఎందుకంటే పైన ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అందుకే రెండు దిక్కుల నుంచి రెండు పెద్ద బోరింగ్ మిషన్లు దించారు. మిషన్ ఆగితే ఆ దిక్కున పని మొత్తం ఆగినట్టే. ఈ మిషన్ వెనక్కి మళ్లి వేరే దారి పట్టేది కాదు, పాడైన భాగాన్ని లోపలే విప్పి బాగు చేయాలి. 2009లో కృష్ణకు వచ్చిన వరదకు దోమలపెంట మొన మునిగింది. 2025 ఫిబ్రవరి 22న అదే దిక్కున సుమారు 14వ కిలోమీటరు దగ్గర పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. అప్పటికి తవ్వాల్సింది ఇంకా తొమ్మిదిన్నర కిలోమీటర్లు.

ఇంతవరకు తెలిసినాక "ఎవరి తప్పు" అనే ఒక్క ప్రశ్న నాలుగు ప్రశ్నలవుతుంది. నడుమ దారుల్లేని సొరంగమే దీనికి మార్గమని నిర్ణయించింది ఎవరు, వాళ్ల ముందు వేరే దారి ఉండెనా? పని ఒప్పందం 2005లో అయింది. అప్పటినుంచి ఏ బడ్జెట్‌లో ఎంత పెట్టారు, అందులో నిజంగా ఎంత ఖర్చయింది? మిషన్ ఆగిన నెలల్లో విడిభాగాల కోసం ఆగిన నెలలెన్ని, బిల్లులు రాక ఆగిన నెలలెన్ని? కూలిన చోట నీటి ఊట ముందునుంచే ఉంటే, దాన్ని దాటేముందు ఏ పరీక్షలు చేశారు? ఒక్కో ప్రశ్న ఒక్కో ప్రభుత్వం దిక్కు, ఒక్కో సంవత్సరం దిక్కు తిరుగుతుంది. బామ్మర్ది రెండో ప్రశ్నలో బావ పార్టీని నిలదీయొచ్చు, బావ నాలుగో ప్రశ్నలో బామ్మర్ది పార్టీని నిలదీయొచ్చు, ఇద్దరూ సరైనవాళ్లే కావొచ్చు. వాళ్లు పడ్డ తగాదా మాత్రం ఈ నాలుగింటినీ ఒక్క ముద్ద చేసి, ఆ ముద్ద ఎవరి నెత్తిన పెట్టాలన్నది.

ఇంకో మాట కూడా ఆ తగాదాలో రాలేదు. సొరంగం కాకపోయినా, సాగర్ వెనక నీళ్లను పుట్టంగండి దగ్గర మోటర్లతో అక్కంపల్లి రిజర్వాయర్‌కు ఎత్తుతూనే ఉన్నారు. దాని మీద నల్గొండ పొలాలూ ఆధారపడ్డాయి, హైదరాబాద్ కృష్ణా తాగునీరూ ఆధారపడ్డది. "చుక్క నీళ్లు ఇయ్యలే" అనేది నిజం కాదు. "సొరంగంతో మాకేం పని, లిఫ్టు ఉన్నది గదా" అనేదీ నిజం కాదు, ఎందుకంటే సొరంగంలో నీళ్లు తమంత తామే పారుతాయి, లిఫ్టుకు కరెంటు కావాలి. ఎంత కరెంటో కాగితం మీద లెక్క వేసుకోవచ్చు.

ఒక టీఎంసీ, ఒక ఎకరం

టీఎంసీ అనే మాట మన దగ్గర పదో తరగతి తప్పినవాళ్ల నోట కూడా వినబడుతుంది. దాన్ని చేతిలోకి తీసుకొని చూసినవాళ్లు మాత్రం తక్కువ. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. భాగిస్తే సుమారు 23 వేలు వస్తుంది. అంటే 23 వేల ఎకరాల మీద అడుగు లోతున నిలబడేన్ని నీళ్లు ఒక టీఎంసీ. కాలువలో ఇంకేది, మడిలో ఇంకేది కలుపుకొని వరికి నాలుగు అడుగుల దాకా పోతే ఒక టీఎంసీకి ఐదు వేల ఏడు వందల ఎకరాల చిల్లర పండుతుంది. ఆరుతడి పంటకు రెండుంబావు అడుగులు చాలనుకుంటే పది వేల ఎకరాలు. ఇంజనీర్లు "టీఎంసీకి పదివేల ఎకరాలు" అనే మాట ఇట్లా వచ్చిందే.

పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు చెప్పే అంకెలు 90 టీఎంసీలు, 12 లక్షల 30 వేల ఎకరాలు. ఎకరాకు ఎంత వస్తుందో చూడండి. అడుగున్నర మీద రెండు అంగుళాలు. అందులోంచే తాగునీళ్లకు, పరిశ్రమలకు కొంత తీయాలి. వానకాలంలో వాన కలిసొస్తుంది కాబట్టి జొన్నకో కందికో పల్లికో ఇది కుదరొచ్చు. వరికి కుదరదు. కాబట్టి ఎవరైనా నాయకుడు వేదిక మీద "పాలమూరు మొత్తం వరి పండిస్తం" అంటే, ఏ పార్టీ కండువా వేసుకున్నా, ఆ మాట ఈ లెక్కలో నిలబడదు. దీన్నిబట్టి ప్రాజెక్టే మోసం అనడం కూడా తొందరపాటు. కాలువ కింద ఏ పంట వేయాలన్న షరతు ఆ లెక్కలోనే ఉన్నది. దాన్ని రైతుకు ఎవరూ చెప్పడం లేదు, అంతే. వరి వేసుకునే మొదటి వెయ్యి ఎకరాలవాళ్లు చివరి వెయ్యి ఎకరాలవాళ్ల నీళ్లు తాగేస్తారు. సాగర్ ఎడమ కాలువ చివరి ఊర్ల రైతును అడిగితే ఈ సంగతి అంకెలు లేకుండానే చెబుతాడు.

ఇప్పుడు కరెంటు. ఒక టీఎంసీ నీళ్లను వంద మీటర్ల ఎత్తుకు తీసుకపోవాలంటే, మోటర్లు వందకు ఎనభై పాళ్లు సక్రమంగా పనిచేస్తాయనుకున్నా, సుమారు 96 లక్షల యూనిట్లు కావాలి. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే ఐదు కోట్ల డెబ్బై ఆరు లక్షలు. పది వేల ఎకరాలకు పంచితే వంద మీటర్ల ఎత్తుకు ఎకరాకు 5,760 రూపాయలు, ఒక పంటకు. పాలమూరు ఎత్తిపోతలకు నీళ్లు తీసుకునే శ్రీశైలం నిండినప్పుడు నీటి మట్టం 885 అడుగులు, అంటే దాదాపు 270 మీటర్లు. మహబూబ్‌నగర్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉన్నది. నడుమ ఎత్తు ఎంతో మీరే చూసుకోండి. ఎకరాకు పడే కరెంటు ఖర్చు పదివేలు దాటుతుంది. "ఉచితంగా నీళ్లిస్తాం" అన్న ప్రతి ప్రభుత్వం ఈ పదివేలను ఎక్కడినుంచి తెస్తుందో చెప్పాలి. అయినా ఈ ఖర్చు పెట్టొద్దని నేను అనను. కూలికోసం ముంబై, పుణె పోయే గుంపుల్లో మూడు తరాలు అరిగిపోయిన ఊర్లకు ఎకరాకు పదివేలు పెట్టడం న్యాయమే అన్నది నా అభిప్రాయం. ఆ అభిప్రాయం ఖరీదు ఎంతో తెలిసే చెబుతున్నా.

జూరాలా, శ్రీశైలమా

ఈ తగాదా మీద నేను ఎక్కువసేపు నిలబడతా, ఎందుకంటే రెండు దిక్కులవాళ్లూ నిజమే చెబుతున్న సందర్భం ఇది. పాలమూరు ఎత్తిపోతలను మొదట జూరాల నుంచి అనుకున్నారు. 2015లో శ్రీశైలానికి మార్చి, ఆ సంవత్సరం జూన్‌లో కరివెన దగ్గర శంకుస్థాపన చేశారు.

జూరాల కావాలనేవాళ్ల మాట ఎత్తు గురించి. జూరాల నిండు మట్టం 318.5 మీటర్లు. శ్రీశైలం కన్నా దాదాపు 49 మీటర్లు మీద. పై లెక్క ప్రకారం ఎకరాకు రెండు వేల ఎనిమిది వందల దాకా ప్రతి పంటకు మిగులుతుంది, అదీ ఏటా. పైగా కృష్ణ తెలంగాణలోకి అడుగుపెట్టగానే తీసుకున్న నీళ్లు అవి. కిందికి పోయినాక పంచాయితీలు ఎక్కువ.

శ్రీశైలం కావాలనేవాళ్ల మాట నిల్వ గురించి. జూరాలలో పట్టేది 12 టీఎంసీల లోపే. రోజుకు ఒకటిన్నర టీఎంసీ తోడితే, పైనుంచి వరద రాకుంటే వారం రోజులకే అడుగు కనిపిస్తుంది. అక్కడ నీళ్లు ఎత్తగలిగేది వరద పారే రోజుల్లోనే, అప్పుడే కుడి ఎడమ కాలువలకూ, నెట్టెంపాడుకూ, భీమాకూ ఇవ్వాలి. శ్రీశైలంలో పట్టేది ఇప్పటికీ 200 టీఎంసీల పైన. వరద తగ్గినాక కూడా నెలల తరబడి ఎత్తుకోవచ్చు. కానీ అదే జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు ద్వారా రాయలసీమకు, చెన్నై తాగునీటికి పోతాయి. మనదే కల్వకుర్తి లిఫ్టు కూడా అందులోంచే తోడుతుంది. కరువు ఏడాదిలో ఎవరు ముందు తోడుకుంటే వాళ్లవే.

అంటే ఒక దిక్కున తక్కువ ఖర్చు, తక్కువ రోజులు. ఇంకో దిక్కున ఎక్కువ ఖర్చు, ఎక్కువ రోజులు, ఎక్కువ పోటీ. ఇందులో ఒకదాన్ని ఎంచుకోవచ్చు, దానికోసం గట్టిగా వాదించొచ్చు. ఎదుటివాడిని ద్రోహి అనడానికి మాత్రం ఇందులో ఆధారం లేదు. నా మటుకు నేను నిల్వ వాదనకే మొగ్గుతాను. అయితే జూరాల దగ్గర వరద రోజులు ఏటా తొంభై దాటుతున్నాయని పదేళ్ల రోజువారీ ఇన్‌ఫ్లో రికార్డు చూపిస్తే మారతాను. ఆ అంకె ఊహ మీద తేలేది కాదు, గేజీ రిజిస్టర్‌లో రోజూ రాసి ఉంటుంది.

మాఫీ అయిందా, కాలేదా

పంట రుణమాఫీ మీద 2024 వానకాలం అంతా ఊరూరా ఇదే గొడవ. ఒకడు "మా ఊర్ల అందరికీ అయింది" అంటాడు, పక్క ఊరివాడు "ఒక్కనికి కాలే" అంటాడు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. షరతులు తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. 2018 డిసెంబరు 12 నుంచి 2023 డిసెంబరు 9 దాకా తీసుకున్న పంట రుణాలకే అది వర్తిస్తుంది. కుటుంబానికి రెండు లక్షల దాకా. జులై 18న లక్ష లోపువాళ్లకు, జులై 30న లక్షన్నర లోపువాళ్లకు, ఆగస్టు 15న రెండు లక్షల లోపువాళ్లకు మొదలుపెట్టారు. రెండు లక్షలు దాటినవాళ్లు పైమొత్తం ముందు కట్టాలన్నారు. కుటుంబాన్ని రేషన్ కార్డుతో తేల్చారు. కార్డు లేని ఇల్లు, ఆధార్‌లో ఒక పేరు, పాస్‌బుక్‌లో ఇంకో పేరు ఉన్న ఇల్లు ఆగిపోయింది.

చందంపేట తండాలో రెండెకరాల మీద ఎనభై వేలు సొసైటీలో తీసుకున్నాయనకు మొదటి వారంలోనే అయిపోవచ్చు. అన్నదమ్ములు ముగ్గురూ ఒకే రేషన్ కార్డులో ఉండి, మొత్తం మూడు లక్షలున్న ఇంట్లో ఎవరికీ కాకపోవచ్చు. ఇక్కడ పొరపాటు జరిగేది లెక్కపెట్టే తీరులో. మనం అడిగేది మన పాలివాళ్లను. వాళ్లకు మనలాగే భూమి, మనలాగే బ్యాంకు, మనలాంటి అప్పు. ఐదుగురిని అడిగినా ఒక్కరిని అడిగినట్టే. నిజంగా తెలుసుకోవాలంటే పది గడపలు తిరగాలి, అందులో కనీసం నాలుగు మనం ఎప్పుడూ పోని వాడకట్టులో ఉండాలి. ప్రతి గడపలో మూడే అడగాలి. అప్పు ఎంత, ఏ బ్యాంకు, ఏ తేదీ. "అయిందా" అన్నది చివర్న అడగాలి. ముందే అడిగితే మనిషి తన పార్టీ జవాబు చెబుతాడు. అప్పు తేదీ చెప్పినాక పార్టీ జవాబు చెప్పడం కష్టం.

పది గడపల తర్వాత మీకు రెండు వేర్వేరు అభిప్రాయాలు వస్తాయి. ఇచ్చిన మాట ఎంతవరకు నిలబెట్టుకున్నారన్నది ఒకటి. షరతులు న్యాయమైనవా అన్నది ఇంకొకటి. రేషన్ కార్డుతో కుటుంబాన్ని తేల్చడం నాకు న్యాయంగా అనిపించదు. కొత్త కార్డులు ఏళ్ల తరబడి ఇయ్యని చోట దాన్నే కొలబద్ద చేస్తే, వేరుపడ్డ కొడుకు తండ్రి లెక్కలోనే ఉండిపోతాడు. అలాగని మాఫీయే జరగలేదంటే, పైసలు ఖాతాలో పడ్డ ఇంటి ముందు నిలబడి ఆ మాట అనలేను.

"ఫ్లోరైడ్ లేదు" అంటే ఏమిటి

మిషన్ భగీరథ వచ్చినాక "నల్గొండల ఫ్లోరైడ్ లేదు" అని ఒకరు, "మర్రిగూడ బోర్లల ఇప్పటికీ ఉన్నది" అని ఇంకొకరు. ఇక్కడ తగాదా ఒక మాటకు అర్థం గురించి. సర్కారు కాగితంలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసం అంటే మంచి తాగునీరు అందని ఊరు. కృష్ణ నీళ్లు నల్లాలో వచ్చిన రోజు ఆ ఊరు జాబితాలోంచి పోతుంది. భూమిలో ఉన్న ఫ్లోరైడ్ మాత్రం ఎక్కడికీ పోదు, అది ఇక్కడి రాతిలోనే ఉన్నది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని ప్రమాణం. నల్లా రెండు రోజులు రాకుంటే ఇంటావిడ పోయేది బోరింగు దగ్గరికే. కాచి తాగితే పోతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కాచితే నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. వంకరబోయిన ఎముకలు మంచినీళ్లతో నిటారు కావు. అందుకని నేను అడిగేది "లేదా, ఉన్నదా" అని కాదు. నెలలో నల్లా ఎన్ని రోజులు వచ్చింది, రాని రోజు ఆ ఇల్లు ఏ నీళ్లు తాగింది అని. ఈ జవాబు నీళ్లు వదిలే మనిషి దగ్గర ఉంటుంది, ఎమ్మెల్యే దగ్గర ఉండదు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్, సాగునీళ్ల మీద జలసాధన సమితి పిలుపుతో నల్గొండలో నామినేషన్లు వరదలా పడి 480 మంది పోటీలో నిలిచారు. ఆ తర్వాత అదే సంవత్సరం డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. గెలిచింది మాత్రం సీపీఐ తరఫున నిలబడ్డ బొమ్మగాని ధర్మభిక్షం. వందలమందిని నిలబెట్టినా పార్టీ అభ్యర్థే గెలిచాడు కదా అని ఒకరు కొట్టిపారేయొచ్చు. నేను దాన్ని వేరే తీరుగా చూస్తాను. ఆ వందలమంది అన్ని పార్టీల ముందు ఒకే ప్రశ్న పెట్టారు. ఎవరొచ్చినా జవాబు చెప్పాల్సిన ప్రశ్న అది. ఓటు ఎవరికి వేయాలన్నది ఆ తర్వాతి సంగతి.

రెండు చిన్న ఉచ్చులు

జిల్లా పేరు ఒక ఉచ్చు. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ అంటే 64 మండలాలు, నలభై లక్షల జనం. 2016 అక్టోబరు 11 తర్వాత ఆ పేరుతో ఉన్నది అందులో ఒక ముక్క. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వేరుపడ్డాయి, 2019లో నారాయణపేట వేరుపడ్డది. అప్పటి అక్షరాస్యతకూ ఇప్పటి అంకెకూ జిల్లా పేరు చూసి పోలిక పెట్టే పోస్టు ఏ పార్టీ పెట్టినా చూడకుండా దాటేయొచ్చు. నల్గొండకూ అంతే, సూర్యాపేట, యాదాద్రి పోయినాక.

ఇంకోటి, పేరు పెట్టడం. సెప్టెంబరు 17 ఒక్కటే రోజు. విలీనం అంటే ఒక పార్టీ, విమోచనం అంటే ఒక పార్టీ, సమైక్యత దినం అని ఒక ప్రభుత్వం, ప్రజాపాలన దినోత్సవం అని ఇంకో ప్రభుత్వం. 1948లో ఆ రోజు నిజాం లొంగిపోయాడు. సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టుకోకుండా ఏ పేరు ఒప్పుకున్నా సగం చరిత్ర వదిలేసినట్టే.

నన్ను ఆపే మాటలు

ఇదంతా కూర్చొని లెక్కలు వేసే తీరిక ఉన్నవాళ్ల మాట అని ఎవరైనా అంటే, నేను తేలిగ్గా తీసుకోలేను. ఊర్లో ఇంటి జాబితాలో పేరు రావాలంటే ఎవరి వెంట తిరగాలో తెలిసిన మనిషికి, బహిరంగంగా మనసు మార్చుకోవడం ఖరీదైన పని. నిన్నటిదాకా ఒక జెండా పట్టి, ఈరోజు "ఆ విషయంలో వాళ్లు చెప్పింది నిజమే" అంటే రెండు దిక్కులా అనుమానమే. అందుకని అభిప్రాయం మార్చుకున్న ప్రతివాడూ దాన్ని చౌరస్తాలో చెప్పాలని నేను అనను. ఓటు రహస్యం పెట్టింది ఇందుకే. లోపల మాత్రం మారాలి.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ ఇంకొకటి. తెలంగాణ అడిగినవాళ్లు టీఎంసీలు కొలిచి అడిగారా? వలసపోయిన కొడుకును, పడావుపడ్డ భూమిని చూసి అడిగారు. వాళ్ల అనుభవమే వాళ్ల ఆధారం, అది తప్పలేదు. ఇది నిజం, అనుభవం కూడా ఆధారమే. అయితే అదే ఉద్యమంలో కేంద్ర జలసంఘంలో పనిచేసి రిటైరైన ఆర్. విద్యాసాగర్ రావు, మన జాజిరెడ్డిగూడెం మనిషి, ఆ బాధకు అంకెలు కట్టి ఊరూరా చెప్పారు. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీల్లో తెలంగాణ వాటా కింద లెక్కకొచ్చింది 299. పరివాహక ప్రాంతం మాత్రం మూడింట రెండు వంతులు మనదే. ఆ అంకెలు లేకుంటే ఎదుటివాళ్లు "ఇది ఉద్వేగం" అని పక్కన పెట్టేవాళ్లు. ఇక ఆ 299 దగ్గర 2015లో తాత్కాలికంగా ఒప్పుకున్నది మన సర్కారే అన్న సంగతి కూడా అదే లెక్కలో ఉన్నది. ఆ మాట వినడానికి ఇబ్బందిపడేవాళ్లు ఉన్నారు, నేనూ ఇబ్బందిపడతాను. అయినా లెక్కలోంచి తీసేయలేను.

అంకెలు ఇచ్చేది కూడా ఎవరో ఒకరే, వాళ్లను ఎట్లా నమ్మాలన్నది మూడో అనుమానం. నేను పాటించేది ఒక్కటి. ఆ అంకె ఎవరికి నష్టమో వాళ్ల నోటినుంచి వస్తే ముందు నమ్ముతాను. ప్రతిపక్షం చెప్పిన ఆలస్యం కన్నా ప్రభుత్వ కాగితంలో ఒప్పుకున్న ఆలస్యం గట్టిది. ప్రభుత్వం చెప్పిన ఆయకట్టు కన్నా ప్రతిపక్ష ఎమ్మెల్యే "మా మండలానికి నీళ్లొచ్చినయి" అన్న మాట గట్టిది.

"అందరూ దొంగలే" అనే మాట గురించి ఎక్కువ చెప్పను. అది అనేవాళ్లకు ఏ కాగితమూ చూడాల్సిన పని ఉండదు. అందుకే అది అంత తొందరగా నోటికొస్తుంది.

కాగితం మీద ముందే పెట్టుకోవడం

చేసి చూడదగ్గ పని ఒకటున్నది. సీజన్ మొదట్లో, అంటే మృగశిర కార్తె దాటేలోపు, ఒక నోటు పుస్తకంలో మూడు మాటలు తేదీ వేసి రాసుకోవాలి. నేను నమ్మేది ఏమిటి. అది నిజమైతే సంక్రాంతి లోపు ఏం కనబడాలి. అది కనబడకుంటే నేను ఏ మాట వెనక్కి తీసుకుంటాను. "పాలమూరు లిఫ్టు నడుస్తుంది" అని రాస్తే పనికిరాదు. 2023 సెప్టెంబరులో ఒక మోటరు తిప్పిన రోజు కూడా అది నడిచినట్టే. "నార్లాపూర్ నుంచి ఏదుల దాటి వట్టెం దాకా నీళ్లు ఎత్తుతారు, కనీసం ముప్పై రోజులు" అని రాయాలి. సంక్రాంతికి పుస్తకం తెరిస్తే తప్పించుకునే సందు ఉండదు. రాయకుంటే ఏమవుతుందంటే, మోటరు ఒక్కరోజు తిరిగితే ఒకడు "నేను చెప్పలే!" అంటాడు, తెల్లారి ఆగితే ఇంకొకడు "నేను చెప్పలే!" అంటాడు.

ఆ పుస్తకం నింపడానికి అడగాల్సినవాళ్లు దగ్గర్లోనే ఉంటారు. కాలువ మీద తూములు చూసే లష్కర్, సబ్‌స్టేషన్‌లో గంటగంటకూ ఫీడర్ లాగ్‌బుక్ రాసే ఆపరేటర్, సొసైటీ కార్యదర్శి. నోటిమాట చాలకుంటే సమాచార హక్కు దరఖాస్తు. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆ పైన పది. జవాబుకు ముప్పై రోజులు. ఇందులో చాలామంది తప్పేది ప్రశ్న దగ్గర. "కరెంటు ఎందుకు సరిగ్గా ఇస్తలేరు" అని రాస్తే జవాబు రాదు, ఆ చట్టం కింద ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారమే, సంజాయిషీలు కాదు. "ఫలానా సబ్‌స్టేషన్, ఫలానా వ్యవసాయ ఫీడర్, జనవరి 1 నుంచి మార్చి 31 దాకా లాగ్‌బుక్ నకలు" అని రాస్తే ఇవ్వకతప్పదు. ఆ నకలు చేతికొచ్చినాక త్రీఫేజ్ ఉన్న గంటలు, సింగిల్ ఫేజ్ ఉన్న గంటలు వేర్వేరుగా కూడాలి. ఇంట్లో బల్బు వెలిగినంతసేపు పొలంలో మోటరు నడిచిందనుకోవడం ఇక్కడ జరిగే పొరపాటు.

ఇవన్నీ చేసినా తేలని ప్రశ్నలుంటాయి. జడ్చర్ల దగ్గర ఉదండాపూర్ రిజర్వాయర్ కింద ఉదండాపూర్, వల్లూరు మునుగుతాయి. నీళ్లు ఎన్ని ఎకరాలకు పోతాయో లెక్కగట్టొచ్చు, పరిహారం ఎంత ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో, అప్పటికి అదే రోడ్డు మీద ఎకరం ధర ఎంత పెరిగిందో కూడా లెక్కగట్టొచ్చు. ఇన్ని ఎకరాల పచ్చదనానికి రెండు ఊర్ల గుడి, బడి, బొందలగడ్డ పోవచ్చా అన్నది ఏ గేజీ చెప్పదు. అక్కడ నేను నా పక్షం చెప్పాల్సిందే. చెబుతాను. రిజర్వాయర్ కావాలి. కానీ చివరి ఇంటికి పరిహారం అంది, కొత్త చోట ఆ ఇల్లు లేచినాకనే గేట్లు దించాలి. దానికి రెండేళ్లు ఆలస్యమై కింది పొలాలు రెండేళ్లు ఎండినా సరే అంటాను. కోస్గి దిక్కున నీళ్లకోసం ఎదురుచూస్తున్న రైతు నాతో ఒప్పుకోడు. అతనితో ఈ విషయంలో తగాదాకు నేను సిద్ధమే, ఎందుకంటే అతనికీ నాకూ మధ్యన ఎన్ని టీఎంసీలు, ఎన్ని ఎకరాలు అన్న గొడవ ఇక లేదు.